సకేయాసి పెట్టిన డేటాబేసుల పోటీ

దీవుల దేశానికి రాజధాని అయిన సువా నగరంలో కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాళ్ళలో సకేయాసిని మించినవాడు లేడు. ఈ మాట చెప్పింది సకేయాసే. తుఫాను వచ్చి ఆఫీసు పైకప్పు లేచిపోయిన రోజున, సర్వర్‌ని నెత్తిన పెట్టుకుని వీధిలో పారుతున్న సముద్రాన్ని దాటి కొండెక్కాడట. దారిలో సొరచేప అడ్డమొస్తే, "దీవులన్నిటి సమాచారం మోసుకెళ్తున్నా, పక్కకి జరుగు" అన్నాడట. అది జరిగిందట. ఆ సొరచేపను అడిగి చూద్దామంటే ఇప్పుడెక్కడుందో తెలియదు. కాబట్టి నమ్మక తప్పదు.

కందావు దీవిలోని నవునిసేయా అతని ఊరు. తండ్రి ఓడలో వంటవాడు. సువాకి వచ్చి యూనివర్సిటీలో రెండేళ్ళు చదివాక, తనకి నేర్పడానికి మాస్టర్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదని సకేయాసి తేల్చాడు. మాస్టర్లు కూడా ఇంచుమించు ఇదే తేల్చారు గానీ, వాళ్ళు వాడిన మాటలు వేరు. అక్కణ్ణుంచి నేరుగా వచ్చి మకెరెతా గారి చిన్న కంపెనీలో పడ్డాడు. దీవుల మధ్య తిరిగే ఓడలకి టికెట్లు బుక్ చేసే సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతుంది.

ఆ బుకింగులన్నీ దాచే డేటాబేస్ ఒక పాత కంప్యూటర్‌లో ఉండేది. ఆ కంప్యూటర్ టీ కాచుకునే అలమారలో ఉండేది. ఎవరైనా కెటిల్ స్విచ్ వేస్తే ఓడలకి ప్రాణం పోయేది. క్రిస్మస్ ముందు ఒకసారి అలాగే పోయింది. ఓడలో పడుకునే ఒకే పరుపు మీద ముగ్గురు ముసలాళ్ళకీ ఒక పందికీ చోటు దొరికింది. పంది ముందే ఎక్కి పడుకుంది కాబట్టి దాన్ని లేపలేకపోయారు. ఓడల యజమాని ఫోన్ చేసి, ఇంకొక్కసారి ఇలా జరిగితే మీకూ మాకూ చెల్లు అన్నాడు.

మకెరెతా ఆ కంప్యూటర్‌ని అలమారలోంచి తీయించి సకేయాసిని పిలిచింది.

"డేటాబేసులు చూసుకోవడమే పనిగా పెట్టుకున్న కంపెనీలున్నాయి. వాళ్ళ యంత్రాలు, వాళ్ళ కాపలా, మనం అద్దె కడతాం. ముగ్గురు వస్తామన్నారు. ఎవరు గట్టివాళ్ళో నువ్వు తేల్చు."

"తేలిపోయినట్టే అనుకోండి మేడమ్."

"అనుకోను. సరిగ్గా తేలిస్తే ఈ పనంతటికీ నువ్వే పెద్ద. తప్పు తేల్చావా, నీ కప్పు కడుక్కుని ఇంటికి పట్టుకెళ్ళు."

ముగ్గురిలో ఒకరు సిడ్నీవాళ్ళు, ఒకరు ఆక్లండ్‌వాళ్ళు. మూడో కంపెనీ సువాలోనే ఉంది. దాని తరఫున అమ్మకానికి తిరిగేవాడు విలికేసా. ఆ పేరు వినగానే ఆఫీసంతా కిసుక్కుమంది. విలికేసాది కోరో దీవిలోని సోలేవా. సోలేవాకీ నవునిసేయాకీ మూలపురుషులు అన్నదమ్ములు, అంచేత ఈ రెండూళ్ళవాళ్ళు ఒకరికొకరు తౌవులు. తౌవు ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, చేతిలోది లాక్కున్నా వద్దనకూడదు. పెళ్ళింట్లోనైనా శవం పక్కనైనా ఇదే పద్ధతి.

"ఇంకేముంది, వాడు అడుగుతాడు, నువ్వు ఇచ్చేస్తావు" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే సెరువైయా.

"నా పరీక్షకి చుట్టాలు లేరు" అన్నాడు సకేయాసి గంభీరంగా.

పరీక్ష నిజంగానే గొప్పగా తయారుచేశాడు. లేని మనుషుల్ని కంప్యూటర్‌లో వేల సంఖ్యలో పుట్టించాడు. వాళ్ళకి చాపలు, టారో దుంపల బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, కోళ్ళు ఇచ్చాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి మూడు డేటాబేసుల్లోనూ టికెట్లు కొన్నారు. సిడ్నీవాళ్ళది గుర్రంలా పరిగెత్తింది. విలికేసాది దాని వెనకే వచ్చింది. ఆక్లండ్‌వాళ్ళది చర్చి నుంచి ఇంటికెళ్తున్న ముసలమ్మలా నింపాదిగా నడిచింది. సకేయాసి గీతలు గీసి, రంగులు వేసి, సిడ్నీ గీత కొంచెం లావుగా దిద్ది గోడకి అంటించాడు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ చాప మీద కూర్చున్నారు. నడుమ యంగోనా గిన్నె, వేరు దంచి నీళ్ళలో కలిపిన మత్తు పానీయంతో. మకెరెతా సిడ్నీ కాగితాల మీద సంతకం పెట్టడానికి కలం మూత తీసింది. అప్పుడే తలుపు తోసుకుని విలికేసా వచ్చాడు.

"బులా మేడమ్! బులా అందరికీ! ఏరా చేపతలకాయ, నువ్వింకా బతికే ఉన్నావా?"

"నీ అప్పులవాళ్ళు వెతుకుతున్నార్రా తౌ, అటు పో."

"నన్ను ఓడించావటగా? చూద్దామని వచ్చాను." విలికేసా కొబ్బరి చిప్పలో యంగోనా తాగి, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి, గోడ మీది గీతల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైందిరా?"

"ఈ మనుషులు ఎవర్రా? పొద్దున ఎనిమిదికి ఒకడు, వాడు వెళ్ళగానే ఇంకొకడు, స్నానం చేసి, తల దువ్వుకుని, బుద్ధిగా టికెట్ కొంటున్నారు! ఏ దేశంవాళ్ళు? మీ ఊళ్ళో ఓడ కంటపడకుండా టికెట్ కొన్న మగాడు ఒక్కడున్నాడా?"

చాప మీద అందరూ సకేయాసి వైపు తిరిగారు. ఓడ మంగళవారం అంటే గురువారం వస్తుంది, గురువారం అంటే రాదు. ఎవడు నమ్ముతాడు? అది మలుపు తిరిగి, కళ్ళారా కనిపించి, కూత వేసినప్పుడే జేబుల్లోంచి ఫోన్లు బయటికొస్తాయి. అందరివీ ఒక్కసారే. అది తెలియని పసివాడు దీవుల్లో లేడు. సువాలో బస్సులెక్కీ ఎక్కీ సకేయాసే మర్చిపోయాడు.

"ఇటివ్వు" అని విలికేసా అతని లాప్‌టాప్ లాక్కున్నాడు. వద్దనడానికి వీల్లేదు. "నీ మనుషులందర్నీ రేవులో నిలబెడుతున్నా. కూత వేస్తున్నా. బోఓఓమ్!"

మొదట కూలింది విలికేసా డేటాబేసే. కూత ఇంకా పూర్తి కాకుండానే చచ్చిపోయింది.

"అయ్యో, మా బంగారం!" అన్నాడు విలికేసా. అందరూ చాప మీద దొర్లారు.

సిడ్నీవాళ్ళది అదే పరుగు పరిగెత్తింది గానీ, పరుగులో ఒకే పరుపుని పదిమందికి అమ్మేసింది. ఆక్లండ్ ముసలమ్మ మాత్రం అందర్నీ వరుసలో నిలబెట్టి, ఆగండి బాబూ అని చెప్పి, ఒక్కొక్కరి దగ్గరా డబ్బు తీసుకుని ఒక్కొక్కరికే చోటు చూపించింది. ఆలస్యమైంది. కానీ ఒక్క కోడి కూడా తప్పిపోలేదు.

మకెరెతా కలం మూత పెట్టేసింది. "సకేయాసీ?"

"అందుకే కదా మేడమ్, నేనే వీణ్ణి పిలిపించాను" అన్నాడు సకేయాసి.

"ఎప్పుడు?"

విలికేసా సాయం రాలేదు, చిప్పలోకి చూస్తూ కూర్చున్నాడు. సకేయాసి లేచి గోడ మీది కాగితం తీసి మడత పెట్టాడు.

"లేదు మేడమ్. పిలవలేదు. నా పరీక్ష తప్పు. ఆక్లండ్‌వాళ్ళది తీసుకుందాం."

"ఓడ వచ్చిన రోజు తెలుస్తుందిలే. అంతవరకు కప్పు కడగొద్దు" అంది మకెరెతా.

ఆక్లండ్‌వాళ్ళ డేటాబేస్ పెట్టాక, మంగళవారం సువా రేవుకి రావలసిన మొదటి ఓడ గురువారం వచ్చింది. రేవులో జనం, మూటలు, వెదురు బుట్టల్లో అరుస్తున్న కోళ్ళు. సకేయాసి చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. పక్కన విలికేసా వేయించిన కసావా తింటున్నాడు. అమ్మకం పోగొట్టుకున్నవాడిలా కాదు, ఆట చూడటానికొచ్చినవాడిలా ఉన్నాడు.

"కూలితే మా ఆఫీసుకి రారా తౌ. నేల ఊడ్చేవాడు కావాలి."

"నోరు ముయ్యరా, దిక్కుమాలిన సోలేవా మొహమా."

ఓడ మలుపు తిరిగింది. కూత వేసింది. రేవు రేవంతా తల వంచి ఫోన్లు నొక్కింది. ఫోన్లన్నిటి మీదా ఒకే మాట వచ్చింది: మీరు వరుసలో ఉన్నారు, ఆగండి. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఒకతను ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తర్వాత ఇక్కడొక చెయ్యి లేచింది, అక్కడొక చెయ్యి. "వచ్చింది! పరుపు వచ్చింది!"

అప్పుడే సకేయాసి ఫోన్ మోగింది. మకెరెతా అనుకుని అదిరిపడ్డాడు. కాదు, వాళ్ళమ్మ. ఊరికి వెళ్ళడానికి అదే రేవులో ఎక్కడో ఉంది.

"ఒరే, నీ మిషను నన్ను ఆగమంటోంది! మా అబ్బాయే నిన్ను పెట్టాడే అని చెప్పినా వినట్లేదు!"

"వినదమ్మా. ఎవరి మాటా వినదు."

"అయితే దేనికిరా అది?"

"అందుకేనమ్మా."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత మకెరెతా చేసింది. ఓడల యజమాని సంతోషంగా ఉన్నాడనీ, సోమవారం నుంచి పనంతా నువ్వే చూసుకో అనీ చెప్పింది. సకేయాసి ఛాతీ విరిచి, విలికేసా చేతిలోని కసావా పొట్లం మొత్తం లాక్కుని, పక్కనున్న ముసలాయన వైపు తిరిగాడు.

"తాతా, చూశారా ఈ జనాన్ని? ఇందాక కూత వేసినప్పుడు, వీళ్ళందర్నీ ఒంటిచేత్తో ఆపింది నేనే."