పలకికో బాబాయి కంటబడిన నీళ్లు

నీళ్లు నిలవున్న పాత్ర కనిపిస్తే, దాన్ని బోర్లించేదాకా పలకికో బాబాయికి ఊపిరాడదు. బకెట్టు, పూలకుండీ, కుక్క గిన్నె, ఏదైనా ఒకటే. మా పెళ్లిలో అతిథులకు పెట్టిన మంచినీళ్లూ అలాగే నేలపాలయ్యాయి. ఆయన గుమ్మంలో కనబడితే చాలు, మా ఆవిడ కాఫీ కప్పును గుండెకు హత్తుకునేది.

మా కవాయి దీవిలో కొండమీద పొద్దున్నే మంచు కమ్ముకుంటుంది. కొత్తగా కాపురం వచ్చిన ఒకాయన తలుపు తీసేసరికి గిన్నెలన్నీ బోర్లా ఉన్నాయట, చుట్టూ మనిషి అలికిడి లేదు. రాత్రిళ్లు తిరుగుతుందని ఇక్కడివాళ్లు చెప్పుకునే చచ్చిపోయిన రాజుల సైన్యం ఇటు నడిచి వెళ్లిందని వణికిపోయాడు. ఆత్మలకు నీళ్లతో పనేమిటని అడిగితే, దాహమేసిందేమో అన్నాడు.

బాబాయి గోలంతా దోమల గురించి. ఇఈవి అనే మా ఎర్రపిట్టను దోమ కుట్టిందంటే జ్వరమొచ్చి రాలిపోతుంది. పూర్వం మా రాజుల ఉత్తరీయాలకు ఈకలిచ్చిన పిట్ట అది. అందుకే అడవిలో పందులు తొలిచిన చెట్ల మొదళ్లలోని నీళ్లనూ పారబోసేవాడు. లోపలికి వెళ్లేముందు మాత్రం అడవిని అనుమతి అడిగి, ఆకు కదిలేదాకా నిలబడేవాడు.

"ఎవర్నడుగుతున్నావు బాబాయ్?" అన్నాను ఒకసారి.

"ఇల్లున్నాక ఇంటివాళ్లుండరా?"

నేనూ ఆకు కదిలేదాకా ఆగాను.

ఆ ఏడు అడవి మూగబోయింది. ఇఈవి తేనె తాగే ఓహియా చెట్లు విరగబూసినా, వాటి కింద నిలబడితే మన ఊపిరి మనకే వినబడేది. ఆ పిట్ట పేరున్న పాత పాట మా అమ్మమ్మ ఒక్కదానికే పూర్తిగా వచ్చు. పిట్ట పలికాకే పాట ఎత్తుకోవడం ఆవిడ నియమం. ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న మా పిల్లలకింకా సగమే వచ్చింది.

"లేనివాళ్లను పేరుపెట్టి పిలవకూడదు. పిట్ట పలక్కపోతే ఈ పాట నాతోనే పోతుంది" అంది బాబాయితో.

మర్నాటి నుంచి పొద్దున్నే మంచులోంచి తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు కిర్రుమని వినిపించేది. ఇఈవి అరుపు అచ్చం అలాగే ఉంటుంది. మా దొడ్డికి గేటు లేదు, చెట్టుమీద పిట్టా కనబడదు. అమ్మమ్మ మాత్రం వెంటనే పాట ఎత్తుకునేది. ఒకరోజు గుండె దిటవు చేసుకుని చెట్టు వెనక్కి వెళ్లాను. ఆ పిట్ట కిర్రుమని, ఆపైన దగ్గింది. దగ్గే పిట్ట నాకు తెలిసి ఇదొక్కటే. తడిసి ముద్దయిన బాబాయి నన్ను చూసి బిక్కమొహం వేశాడు.

"మీ అమ్మమ్మకు చెప్పకురా. అసలు పిట్ట వచ్చేదాకా పాట ఆగకూడదు."

నేను చెప్పలేదు. కానీ ఆ మంచులో నానీ నానీ ఆయనకు జలుబు పట్టి, గొంతు పూర్తిగా పోయింది. ఆ పొద్దున మా అరుగుమీద తప్పు చేసినవాడిలా తల వంచుకుని కూర్చున్నాడు. పక్కనే అమ్మమ్మ నిండు కాఫీ కప్పు పట్టుకుని ఉన్నా, దానివైపు చూడనైనా లేదు.

అప్పుడు మంచులోంచి కిర్రుమంది.

బాబాయి నావైపు చూశాడు. ఇందులో నా చెయ్యి లేదని తల అడ్డంగా ఊపాను. మళ్లీ కిర్రుమంది, ఈసారి ఇంకా దగ్గరగా.

"ఇన్నాళ్లూ నీ దగ్గుకే పాడాను పలకికో" అంది అమ్మమ్మ నెమ్మదిగా. "నువ్విక్కడున్నావు. మరి అదెవర్రా?"

అమ్మమ్మ తన కాఫీ కప్పును తానే అరుగు కింద బోర్లించి, పాట ఎత్తుకుంది.