ముత్యాల డ్రమ్ము మీద పగుళ్లు

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతు దాటలేదు. ఇంట్లో వాళ్లకి తెలీదు, స్నేహితులకి తెలీదు. పెద్ద నేరమేమీ కాదులే అని నాకు నేనే ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. ఎవర్నీ కొట్టలేదు, ఎవరింట్లోనూ దూరలేదు. చెప్పవలసిన చోట చెప్పలేదు, అంతే. ఆ 'అంతే' అన్న మాటే నన్ను లోపల తినేస్తోంది. మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే ఈ ధైర్యం.

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో మాదొక చిన్న ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లలో, చవితి పందిళ్లలో సినిమా పాటలు వాయించేవాళ్లం. అకార్డియన్ వాయించే మేస్టారిదే పెత్తనం. పగలు మా నాన్న కళ్లజోళ్ల షాపులో పనిచేసి, సాయంత్రాలు వెళ్లి బాంగోలు కొట్టేవాణ్ణి. డ్రమ్స్ ముందు కూర్చునేది నూకరాజు. సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం వాడిది. చిన్నప్పుడు అమ్మవారి పండగల్లో డప్పు కొట్టి చేతికి లయ పట్టించుకున్నాడు. నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, అభిమానం.

ఆ డ్రమ్ సెట్టు ఓడలో వచ్చింది. పోర్టులో దిగిన ఒక విదేశీ నావికుడి దగ్గర మేస్టారు కొన్నారు. అప్పటికే బాగా పాతది. పైన తోలు మూతలు, చెక్క ఒంటి చుట్టూ ముత్యం రంగులో తళతళలాడే సెల్యులాయిడ్ షీటు. లైట్లు పడితే జనం పాడేవాళ్లని వదిలేసి దాన్నే చూసేవాళ్లు. మేస్టారికి అది ప్రాణం. నాకు దాని ముందున్న స్టూలు ప్రాణం. ఇందులో దాచడానికేముంది? బాంగోలు కొట్టేవాణ్ణి పందిట్లో ఎవరూ చూడరు. నూకరాజు కర్రలు తిప్పుతుంటే ఆడపిల్లలు ముందుకు జరిగి కూర్చునేవాళ్లు. నేను పక్కన నవ్వుతూ, లోపల కుళ్లుకుంటూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి. సెల్యులాయిడ్ ఎందుకు పగులుతుందో మా బృందం మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పాత కళ్లజోళ్ల ఫ్రేములు దానితోనే చేసేవాళ్లు. ఆ పదార్థంలో కర్పూరం కలుస్తుంది. దానివల్లే అది మెత్తగా వంగుతుంది. పూజగదిలో మూత తీసి ఉంచిన కర్పూరం తరిగిపోయినట్టే, ఏళ్లు గడిచేకొద్దీ అందులోదీ కొంచెం కొంచెం గాలిలో కలిసిపోతుంది. ఫ్రేము బిగుసుకుంటుంది, కుంచించుకుపోతుంది, మరలు ఉన్నచోట చిట్లుతుంది. ఎండా ఉక్కా తోడైతే ఇంకా త్వరగా. డ్రమ్ము సంగతీ అంతే. కింద చెక్క కుంచించుకోదు. దానికి అతికించిన షీటు కుంచించుకోవాలని చూస్తుంది. బోల్టులు దాన్ని కదలనివ్వవు. ఇంకేం చేస్తుంది? బోల్టు రంధ్రం దగ్గర మొదలుపెట్టి చీలిపోతుంది. పెద్ద డ్రమ్ము పక్కన వెంట్రుకంత గీత ఒకటి, తుడుస్తున్నప్పుడు నేను ముందే చూశాను. మేస్టారికి చెబుదామనుకున్నాను. తరవాత చెబుదాంలే అనుకున్నాను.

ఆ ఏడు చవితికి కూర్మన్నపాలెంలో స్టీల్ ప్లాంటు పనివాళ్లు వేసిన పందిట్లో ప్రోగ్రాం. సాయంత్రం నుంచీ ముసురు. తేమకి తోలు వదులై డ్రమ్ము బొదబొదమంటోంది. డప్పు అయితే గడ్డి మంట వేసి కాస్త కాగనిస్తారు, తోలు బిగుస్తుంది. డ్రమ్ముని మంట దగ్గర పెట్టకూడదని నూకరాజుకి తెలుసు. అందుకని వాడిదొక పద్ధతి. పందిరి వెనక టీ పొయ్యి దగ్గర కూర్చుని అరచేతులు కాచుకుని, పరిగెత్తుకొచ్చి ఆ చేతులతో తోలుని రుద్దేవాడు. మళ్లీ వెళ్లేవాడు, మళ్లీ వచ్చేవాడు. డ్రమ్ము మాత్రం నా పక్కనే ఉంది. అంగుళం కదల్లేదు.

మర్నాడు పొద్దున్న సామాన్లు విప్పితే షీటు బోల్టు దగ్గర్నుంచి అరచెయ్యి పొడుగున చీలి ఉంది. మేస్టారి మొహం మాడిపోయింది. ఎవరో అన్నారు, వీడు నిన్న పొయ్యి దగ్గర కూర్చున్నాడని. ఇంకెవరో అన్నారు, డప్పులు కాచుకునే అలవాటు ఎక్కడికి పోతుందని. నూకరాజు నా వైపు చూశాడు, నేను చెబుతాననే నమ్మకంతో. నిప్పు సెగ తగిలితే సెల్యులాయిడ్ బొబ్బలెక్కుతుంది, అంటుకుంటే భగ్గుమంటుంది. ఇక్కడ ఒక్క బొబ్బ లేదు, మసి లేదు. పొడిగా, శుభ్రంగా చీలింది. నాకు చూడగానే తెలిసింది. పక్కనే ఉన్నావు కదా, నిజం చెప్పమని మేస్టారు నన్ను అడిగారు.

"నాను సూళ్లేదు మేస్టారూ. ఆడు పొయ్యి కాడ కూకున్నమాట మాత్రం నిజమే."

ఇదీ నేనన్నది. ఇందులో రెండో ముక్కలో అబద్ధం లేదు, చూశారా? మొదటి ముక్కని అది ఎంత బాగా కాపాడిందో! నిజంతోనే మనిషి గొంతు కొయ్యొచ్చని ఆ రోజు తెలుసుకున్నాను. నూకరాజు వాదించలేదు. కర్రలు స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. తరవాతి ప్రోగ్రాంకి ఆ స్టూలు మీద నేనున్నాను.

డ్రమ్ము కాల్చినవాడని ఊళ్లో పేరు పడిపోయింది. ఇంకే ఆర్కెస్ట్రా వాణ్ణి రానివ్వలేదు. నా చేతికి వచ్చాక ఆ డ్రమ్ముకి పగుళ్లు ఆగాయా? లేదు. ప్రతి బోల్టు దగ్గరా కొత్తది పుట్టింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు వాడు పెట్టిన సెగ ఇప్పటికీ పాకుతోందని వాడినే తిట్టారు. నేను ఆర్కెస్ట్రా పేరు రాసిన గుడ్డ ఒకటి కుట్టించి డ్రమ్ముకి చుట్టాను. శబ్దంలో మాత్రం ఏ తేడా లేదు. షీటు వట్టి అలంకారం, పగిలినా పాట పాడవదు. ఆ ముక్కైనా చెప్పి వాణ్ణి వెనక్కి పిలిపించి ఉండొచ్చు. ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఎందుకన్నారోగాని, నాలాంటివాడికి బాగా పనికొచ్చింది.

కొన్నేళ్ల తరవాత తగరపువలస సంతలో వాడు కనబడ్డాడు. ముందు ఎండుచేపల గంప. తప్పుకుందామనుకున్నాను, వాడే పిలిచాడు. టీ తెప్పించాడు. మా నాన్న గురించి, షాపు గురించి అడిగాడు. కోపం ఉంటుందేమోనని వాడి మొహంలో వెతికాను. ఉంటే బాగుండును అనిపించింది. కాసేపటికి రెండు అరచేతులూ తెరిచి నాకు చూపించాడు.

"బావా, ఒకటడుగుతాను. ఈ సేతుల్లో అంత ఏడి ఉంటాదంటావా?"

నా జవాబు కోసం ఆగకుండా వాడే మళ్లీ అందుకున్నాడు.

"అందరూ అంటంటే ఆలోసించీసినాను. తోలు మీద సెయ్యేసినప్పుడు ఆ ఏడి పక్కకి పాకీసుంటాది. తెలీక మేస్టారి వస్తువు పాడు సేసీసినాను. నువ్వు సూళ్లేదన్నావ్, నన్ను కాపాడ్డానికే అన్నావని నాకు తెలుసు. అప్పట్నించీ దేనిమీదా సెయ్యెయ్యలేదు బావా. అమ్మోరి పండగలో డప్పు మీద కూడా."

అరచేతుల వేడికి చెక్క చుట్టూ ఉన్న షీటు పగలదు. ఈ ఒక్క వాక్యం చాలు. టీ చల్లారేలోపు చెప్పెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. పాత సంగతులెందుకులే అన్నాను. మొదటిసారి స్టూలు కోసం చేశాను, అది ఆశ. రెండోసారి దేనికోసం? వాడి కళ్లలో మంచివాడిగా మిగిలిపోవడం కోసం. ఏది ఎక్కువ నీచమో నన్నడిగితే రెండోదే అంటాను.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ పొద్దున్న అందరూ తలో మాట అన్నారు కాబట్టి అందరికీ పంచేద్దామని చాలా ఏళ్లు చూశాను. కుదరలేదు. వాళ్లకి తెలీక అన్నారు. తెలిసి ఊరుకున్నవాణ్ణి నేనే.

డ్రమ్ము నూకరాజు వల్ల పగల్లేదు. పాతబడి పగిలింది. ఆ పొద్దున్నే నాకు తెలుసు. ఇది రాస్తుంటే గుండెల్లో కొంచెం ఊపిరి ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. వాడున్న ఊరు ఇక్కణ్ణించి బస్సెక్కితే వచ్చేస్తుంది. వెళ్లలేదు. మీకు చెప్పడం తేలిక. మీరు నన్ను ఎప్పుడూ బావా అని పిలవలేదు.