'ఉన్నడు' నుంచి 'ఉండె' దాకా

మా చిన్నప్పుడు... సిద్దిపేటలో మా ఇంటి ఎదురుగానే ఖాసిం మామ బట్టలు కుట్టే దుకాణం. ఆ రోజు పొద్దున మామ పట్నం నుంచి వచ్చి, బస్సు దిగి, తన ఇంటికైనా పోకుండా నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. అమ్మ పీట వేసింది. మామ కూర్చోలేదు...

అవి లడాయి రోజులు, పెద్ద యుద్ధం నడుస్తోంది. నూలు దొరక్క మా మగ్గం ఆగిపోయింది. మా అన్న రాజయ్య మిల్లులో పని చూసుకుంటానని పట్నం పోయాడు. అప్పటికి వదిన కాపురానికి వచ్చి ఏడాది కూడా నిండలేదు. మొదట్లో ఊరివాళ్లెవరో అన్న కనపడ్డాడని, బాగున్నాడని చెప్పారు. ఆ తర్వాత కబురే లేదు. వానలు వెనకబట్టాయి, దసరా కూడా పోయింది... ఖాసిం మామ దారాలు కొనడానికి పట్నం పోతుంటే, అమ్మ కాస్త అరుసుకుని రమ్మంది.

"మిల్లుకాడ అడిగిన అక్కా," అన్నాడు మామ. "రాజయ్య మంచి పనోడుండె అన్నరు."

అమ్మ ముఖంలో రంగు పోయింది.

"ఉన్నడు అన్నరా... ఉండె అన్నరా? మంచిగ యాది చేసుకో తమ్మీ."

మామ తల వంచుకున్నాడు. "ఉండె అనే అన్నరక్కా. గత్తర సోకిందట. దవాఖానకు తీస్కపోయిన్రట. గాడికెళ్లి ఏమైందో ఎవ్వలకు ఎర్కలేదు."

గత్తర అంటే కలరా. ఆ మాట వినగానే తలుపు చాటున ఉన్న వదిన అక్కడే కూలబడింది.

అప్పుడు మా బడిలో చదువంతా ఉర్దూలోనే. "హై అంటే ఇప్పుడుంది, థా అంటే అప్పుడుండె" అని ఉస్తానీ, అంటే మా పంతులమ్మ, వల్లె వేయించేది. మేం పాటలాగా అరిచేవాళ్లం... ఆ తేడా ఏమిటో నాకు అర్థమైంది మాత్రం ఆ పొద్దున, మా వాకిట్లో.

బాపు పట్నం పోయి దవాఖానలన్నీ తిరిగాడు. గత్తరతో పోయినవాళ్లను అందరినీ కలిపే మట్టి చేశారని, పేర్లు ఎవరూ అడగలేదని చెప్పారట. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పోయిండు," అన్నాడు.

అంతకుముందు ఎవరడిగినా బాపు అదే మాట చెప్పేవాడు. "మా పెద్దోడు పట్నం పోయిండు" అని, నలుగురికీ వినపడేలా... ఇప్పుడు ఆ మాటే, గొంతు దించి అన్నాడు. అక్షరం మారలేదు. అయినా మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

పదో దినం చెయ్యాలని కులపెద్దలు అన్నారు. ముసలమ్మలు వదిన గాజులు తీయడానికి వచ్చారు. ఏనాడూ పెద్దవాళ్ల ముందు నోరెత్తని మనిషి, చేతులు వెనక్కి దాచుకుంది.

"మీరంత ఉండె అనుకోన్రి. నేను అన్లే. నేను అనేదాంక నా గాజులు ముట్టొద్దు."

అమ్మ అడ్డం నిలబడి వాళ్లను పంపేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో అన్న మాట వస్తే అందరం తడబడేవాళ్లం. వాక్యం మొదలుపెట్టి చివర మింగేసేవాళ్లం. వదిన మాత్రం తడబడేది కాదు. "ఆయన కారం ఎక్కువ తింటడు", "ఆయన మస్తు నవ్వుతడు" అనేది. వింటుంటే నిజంగానే పక్క గదిలో ఉన్నాడేమో అనిపించేది...

అట్లా ఎన్నేళ్లు గడిచాయో. ఒక మధ్యాహ్నం నాకు అన్నం పెడుతూ, పుంటికూర, అదే గోంగూర, వడ్డిస్తూ, ఏదో ధ్యాసలో అనేసింది.

"మీ అన్నకు గీ కూరంటే పానముండె."

అన్నాక తన మాట తనకే వినపడింది. గరిటె చేతిలోనే ఉండిపోయింది. నేను తల ఎత్తలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. వదిన కూర గిన్నె మెల్లగా కింద పెట్టి, లోపలి గదిలోకి పోయింది. ఆ సాయంత్రం బయటికి వచ్చినప్పుడు ఆమె చేతులు బోసిగా ఉన్నాయి. ఆమె ఏడవలేదు.

ఇప్పుడు గడియ ఆలస్యమైతే ఫోను చేసి ఎక్కడున్నారో తెలుసుకుంటారు. మంచిదే... అన్న, బాపు, అమ్మ, వదిన, ఖాసిం మామ... నేను చెప్పినవాళ్లలో 'ఉన్నడు', 'ఉన్నది' అనడానికి ఇవాళ ఒక్కరూ లేరు. మీ ఇంట్లో ఆ మాట ముందుగా ఎవరి నోట మారింది? చెప్పుకోవాలనిపిస్తే చెప్పండి... వింటాను.