జోడు టైర్ల బండీ, గడప ముందరి మెట్టూ

మా మిల్లరుకు చక్రాలున్నాయి, ఇంజనుంది, కంకర, ఇసుక, సిమెంటు పొట్టలో వేసుకుని కలిపే బలముంది. తనంత తానుగా రోడ్డు మీద నడవడం మాత్రం రాదు. ఎక్కడ స్లాబు పడితే అక్కడికి ఎవరో ఒకరు వెనక కట్టుకుని లాక్కుపోవాలి.

మా ఆయన స్లాబు మేస్త్రి. నేను మనుషులను కూడగడతాను, అందరికీ చాయ కాస్తాను, ఆయన మరిచిపోయినవన్నీ గుర్తుచేస్తాను. చదివింది మూడో తరగతే. అయినా ఎవరింటి స్లాబు ఏ వారం పడింది, ఆ రోజు మబ్బు పట్టిందా, ఇంటామె అన్నంలోకి ఏం కూర వండింది, అన్నీ నాకు యాదికున్నాయి.

శామీర్‌పేట చెరువు దాటాక ఒక కొత్త కాలనీలో కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ ఇల్లు కట్టుకుంటోంది. మొదటి స్లాబు నాడు పొద్దున ఆరింటికే ఇరవై మందిమి తట్టలు పట్టుకుని నిలబడ్డాం. మిల్లరేమో కుత్బుల్లాపూర్‌లో మా సందు దగ్గరే ఉంది. దాన్ని తేవాల్సిన ట్రాక్టరాయన ఫోను ఎత్తి, "వస్తున్న వదినా, సుచిత్ర చౌరస్తా దాటుతున్న" అన్నాడు. రెండు గంటల తర్వాత చేసినా సుచిత్రే దాటుతున్నాడు.

ఆయన వచ్చేసరికి మధ్యాహ్నమైంది. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఎండిన దాని పక్కన పచ్చిది పోస్తే రెండూ అతుక్కోవు. చీకటి పడేసరికి సగమే అయింది, మిగతా సగం మర్నాడు పోశాం. మొదటి వానకే ఆ అతుకు వెంట నీళ్లు కారాయి.

టీచరమ్మ మమ్మల్ని పిలిచి పైకి చూపించింది. "చూడమ్మా, గీత గీసినట్టు ఎలా కారుతోందో. మీ మనుషులు ఒళ్లు దాచుకోలేదు, నేను చూశాను. అందుకే పై అంతస్తు కూడా మీకే ఇస్తున్నా. కానీ ఆరింటికి మిషను నా గేటు ముందుండాలి. లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటా."

పై అంతస్తుకు ఇంకా నలభై రోజులుంది. తిరుగు బస్సు సుచిత్ర దాటుతుంటే మా ఆయనతో అన్నాను. "ఇగ ట్రాక్టర్ల ఎంబడి తిరుగుడు బంజెయ్యాలె. మనమే బండి తీసుకుందాం. మిల్లరు గుంజాలె, రోజు మనుషులను పనికాడ దించాలె, అత్తమ్మను దవాఖానకు తోల్కపోవాలె."

"ఎప్పుడనుకున్నవే గిదంతా?"

"గా ట్రాక్టరాయన రెండోసారి సుచిత్ర దాటినప్పుడు."

మేడ్చల్ రోడ్డు మీది షోరూంలో సరుకులు మోసే రెండు బండ్లు పక్కపక్కనే పెట్టారు. చిన్నదానికి అన్నీ కలిపి నాలుగు టైర్లు. పెద్దదానికి వెనక అటు రెండు, ఇటు రెండు, జోడు టైర్లు. నేను చీర కుచ్చిళ్లు ఎగదోసి, కింద కూర్చుని వెనక భాగం చూస్తుంటే అమ్మే అబ్బాయి కంగారుపడ్డాడు.

"మేడమ్, ముందు క్యాబిన్ చూడండి. పాటలొస్తాయి, ఫోను కూడా చార్జింగ్ పెట్టుకోవచ్చు."

"పాటలు మా అత్తమ్మ పాడుతది బిడ్డా. ఎనక మిల్లరు కడ్తె ఏమైతదో చెప్పు."

అతను కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "దాని గురించి ఇందులో ఏమీ రాయలేదండి."

మా పనిలో ఒక పద్ధతుంది. స్లాబు కింద చెక్కలు కట్టాక, కంకర పోయకముందే దాని మీద మేమే నడుస్తాం, ఎగిరి దూకుతాం. మా బరువుకు ఊగితే కంకర బరువు ఆగదు. బండిని కూడా అట్లాగే తొక్కి చూడాలనుకున్నాను.

మా మరిది పూల లోడు తోలుతాడు, అతనిది చిన్న బండే. ఒక ఆదివారం దానికి మిల్లరు కట్టించాను. నేను వెనక తొట్టిలో నిలబడ్డాను. మేడ్చల్ దారిలో వంతెన ఎక్కుతుంటే బండి వెనక భాగం కూలబడి, ముందు భాగం లేచినట్టయింది. దిగేటప్పుడు ఇంకా ఘోరం. మిల్లరు వెనక నుంచి తోస్తుంటే బండి తోక అటూ ఇటూ ఊగింది. పక్కనుంచి ఆటో ఆయన అరిచాడు. "ఓ అన్నా! బండిని నువ్వు నడుపుతున్నవా, మిల్లరు నడుపుతాందా?"

తర్వాతి ఆదివారం మేడ్చల్‌లో మాకు తెలిసిన ఇంకో మేస్త్రిని బతిమాలాం. ఆయనది జోడు టైర్ల బండి. అదే మిల్లరు, అదే వంతెన, వెనక నేనే. ఎక్కినప్పుడు బరువు తెలిసింది కానీ కూలబడలేదు. దిగినప్పుడు తోక తిన్నగా వచ్చింది. దిగాక ఆ మేస్త్రి అన్నాడు. "ఒక టైరు పంచరైనా పక్కది మోస్తది చెల్లె. కానీ టైర్లు అరిగితె ఆరు మార్చాలె. ఇంక గల్లీల తిప్పుడంటవా, పరేషాన్ జేస్తది. యాది పెట్టుకో."

గల్లీ మాటకు మా ఆయన నవ్వాడు. షోరూంకు పోయి బండి వెడల్పును దారంతో కొలిచి ముడి వేసుకొచ్చాడు. మా సందులో గోడ నుంచి గోడకు ఆ దారం పట్టి చూస్తే ఇంకా జానెడు మిగిలింది. మిల్లరు ఉండేది మా ఇల్లు దాటాక సందు చివరి ఖాళీ జాగాలో. ప్రతి స్లాబుకూ ముందు ఎనిమిది మందిమి దాన్ని రోడ్డు దాకా తోసేవాళ్లం. బండి లోపలికొస్తే ఆ తోసుడు తప్పుతుంది, మనుషులు నేరుగా పనికే పోవచ్చు. ధైర్యంగా జోడు టైర్ల బండి రాయించుకున్నాం.

బండి వచ్చిన రోజు సందులో పిల్లా జెల్లా అందరూ బయటికొచ్చారు. బండి మెల్లగా వచ్చి వచ్చి, సరిగ్గా మా ఇంటి ముందర ఆగిపోయింది. మా గడప ముందరి మెట్టు వెనక టైరుకు అడ్డం పడింది. మేస్త్రులకు ఛాతీ ఎత్తున దారం పట్టడం అలవాటు. మా ఆయన గోడలను కొలిచాడు కానీ, కింద అడుగున్నర ముందుకొచ్చిన మెట్టును చూడలేదు. ఆ మెట్టు కట్టింది కూడా ఆయనే.

మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చెప్పిన గద వదినా, నా అసొంటిది తీస్కోమని. ఇంకా నంబరు గూడ రాలె, పోయి చిన్నది మార్చుకోన్రి."

"మెట్టు తీసేస్తె అయిపాయె" అన్నాను.

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "నా మెట్టు ముట్టుకున్నోని చెయ్యి ఇరుగుతది!"

అత్తమ్మకు మోకాళ్లు పట్టేసిన ఏడాది, గడప దిగలేక ఇంట్లోనే ఉండిపోతోందని ఆమె కోసం కట్టిన మెట్టది. రోజూ సాయంత్రం దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది, పోయేవాళ్లందరినీ ఆపి ముచ్చట్లు అడుగుతుంది. సందులో ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆ మెట్టుకే తెలుస్తుంది.

ఆ సాయంత్రం నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. నలభై రోజుల్లో ఇంకా అయిదే మిగిలాయి.

"అత్తమ్మా, గా వంతెన మీద చిన్న బండి ఊగుతుంటె ఎనక నేనున్న. నా పానం నా దగ్గర లేదు. గదే తెస్తె రోజు నీ కొడుకు గా ఊగుట్లనే పోతడు, వస్తడు. నేనైతె దాన్ని ఇంటికి రానియ్య. టీచరమ్మ పని పోయినా మంచిదే, రానియ్య."

ఆమె చేతిలో ఉన్న కాయలన్నీ ఒలిచింది. తర్వాత చాట తీసి పక్కన పెట్టింది.

"కొట్టు. కానీ నువ్వు కొట్టు. వాడు కట్టిన నాడు నేను మస్తు సంబురపడ్డ. వాడే పగలగొడ్తుంటె సూడలేను."

మర్నాడు పొద్దున కొంగు బిగించి సమ్మెట ఎత్తాను. పది దెబ్బలకు ఒక పెచ్చు లేచింది. ఇరవై దెబ్బలకు చేతులు బొబ్బలెక్కాయి.

"గింత సిమెంటు ఎందుకు పోసినవయ్యా? గిది మెట్టా, డ్యామా?"

"అమ్మ కూసుంటదని పోసిన" అన్నాడు మా ఆయన గోడ వైపు చూస్తూ. ఒకసారి సమ్మెట అందుకోబోయి, తల్లి చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పూర్తిగా పగిలేసరికి మధ్యాహ్నమైంది. బండి మా ఇల్లు దాటి లోపలికి పోయింది. వెల్డింగాయన వచ్చి వెనక కొక్కెం వేశాడు.

స్లాబు నాడు శామీర్‌పేటలో మేం గేటు ముందు ఆగేసరికి టీచరమ్మ పళ్లు తోముకుంటోంది. నోట్లో బ్రష్షుతోనే ఫోను తీసి టైము చూసింది. అక్కడ వాలుగా ఉందని మా ఆయన వెనక టైర్ల కింద ఒక సిమెంటు పెళ్ల అడ్డం పెట్టాడు. అది మా మెట్టుదే. పారేయకుండా బండిలో వేసుకొచ్చాడని నాకప్పుడే తెలిసింది. మిల్లరు మొదలైంది, సాయంత్రం నాలుగింటికి చివరి తట్ట పడేదాకా ఆగలేదు.

ఇప్పుడు అత్తమ్మను ఎవరైనా ఇద్దరు పట్టుకుని గడప దించి కుర్చీలో కూర్చోబెట్టాలి. సాయంత్రం బండి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆమెను లేపి, కుర్చీ జరపాలి. టీచరమ్మ స్లాబు పడిన సాయంత్రం కూడా గొణుక్కుంటూనే లేచింది.

"పొద్దుగాల ఆరింటికల్ల పోయిన్రా?" అని అడిగింది.

"ఆరు కాకముందే పోయినం అత్తమ్మా."

"మరైతె జల్దీ లోపల పెట్టుకోన్రి. నాకు నిలబడి కాళ్లు గుంజుతున్నయి."