సాఫ్ అన్న నోరు

థీమ్ పార్కుకు అందరూ సరదాకు వెళ్తారు. మేమిద్దరం పరీక్షకు వెళ్ళాం. ఆ పరీక్ష పెట్టుకున్నది నా స్నేహితుడే. "గా పట్టాల మీద ఉల్టా తిప్పే బండి ఎక్కి దిగిన్ననుకో, నాకు భయం పోయినట్టే. సోమారం మల్ల మిషన్ మీదికొస్త," అన్నాడు, జహీరాబాద్ బస్టాండులో చాయ్ ఊదుకుంటూ. నేను వద్దనలేదు. వాడు ఒకటి అనుకున్నాక వద్దని చెప్పడం గోడకు చెప్పినట్టే.

మాది రేకు భాగాలు కొట్టే చిన్న షెడ్డు. నేను కోస్తా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి. వాడిది ఝరాసంగం దగ్గర పల్లె, రోజూ షేర్ ఆటోలో వచ్చేవాడు. నా యాసను వెక్కిరిస్తూ "ఏవండీ, టీ తాగుదురు గాని రండి" అని నలుగురి ముందూ ఏడిపించేవాడు. ప్రెస్ మిషన్ మీద మేమిద్దరం జోడీ. వాడు ముందు నిలబడి రేకును అచ్చు మీద సర్దేవాడు, నేను పక్కన నిలబడి, పైనున్న ఇనుప దిమ్మ దాని మీద దిగేలా పెడల్ తొక్కేవాణ్ణి. తొక్కేముందు నేను "చెయ్యి!" అని అరవాలి. వాడు చేతులు బయటికి తీసుకుని "సాఫ్!" అనాలి, అంటే అచ్చు మీద చెయ్యి లేదని. సాఫ్ వినబడితేనే తొక్కాలి. గోడ మీద రాసిన నియమాలు ఎవరూ చదవలేదు గానీ ఈ రెండు మాటలూ మా అందరికీ కంఠతా వచ్చు. పొద్దున్నించి సాయంత్రం దాకా చెయ్యి, సాఫ్, చెయ్యి, సాఫ్. నిద్రలో కూడా వాడు సాఫ్ అంటాడని వాళ్ళావిడ చెప్పి నవ్వేది.

ఒకరోజు నేను చెయ్యి అన్నాను. వాడు సాఫ్ అన్నాడు. నేను తొక్కాను. వాడి చెయ్యి ఇంకా లోపలే ఉంది.

కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. అలవాటుకొద్దీ నోరు ముందు పరిగెత్తింది, చెయ్యి వెనకబడింది, అంతే. దవాఖానలో కట్టు కట్టించుకుని వాడే నన్ను ఓదార్చాడు. "నేనే అన్న గదరా సాఫ్ అని. నువ్వేం జేస్తవ్? ఫికర్ జెయ్యకు." ఆ మాట నిజమే. అయినా చాలా రోజులు నాకు అన్నం సయించలేదు.

తర్వాత వాణ్ణి ప్యాకింగ్‌లో వేశారు. అట్టపెట్టెలు మడిచే పని. "అందరు నన్ను డబ్బాలోడు అంటున్రురా," అని ఒకసారి నవ్వుతూనే చెప్పాడు. ఇప్పుడు అక్కడ మనుషులు ఎక్కువయ్యారట. సోమవారం ప్రెస్ మీదికి వస్తే రమ్మని, లేదంటే ఇంట్లోనే ఉండమని సూపర్‌వైజర్ చెప్పేశాడు. ఎంత దయగల ప్రభువో! మిషన్ చప్పుడు వింటేనే వాడికి చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో తినే నోళ్ళు ఐదు, సంపాదించేది వాడొక్కడే. అందుకని ఈ పరీక్ష.

హైదరాబాద్ పొలిమేరలో ఉంది ఆ పార్కు. బయటి తిండి లోపలికి పోనివ్వమని గేటు దగ్గర వాడు ఇంటి నుంచి తెచ్చిన రొట్టెల మూట ఆపారు. "పారేసుడు మా ఇంటా వంటా లేదు," అని మావాడు అక్కడే నేల మీద చతికిలబడి, జొన్నరొట్టెలన్నీ తొక్కుపచ్చడి నంజుకుని తిని, నాచేతా తినిపించి లేచాడు. లోపల చెవులు పగిలే పాటలు, రంగు వేసిన బొమ్మలు, తడిబట్టలతో పరిగెత్తే పిల్లలు. వాడు దేన్నీ చూడలేదు. తిన్నగా ఆ బండి దగ్గరికే నడిచాడు. వరుసలో నిలబడ్డంతసేపూ కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంచుకున్నాడు, చూస్తే ఎక్కనివ్వరేమోనని.

ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఒళ్ళో అడ్డంగా దిగే కమ్మీ ఒకటి ఉంది, ఎగిరిపోకుండా పట్టి ఉంచడానికి. బండి నడిపేవాడు మైకులో "చేతులు తీయండి!" అని అరిచాడు. గాలి బుస్సుమంది. కమ్మీ కిందికి దిగింది.

"సాఫ్!" అన్నాడు నా స్నేహితుడు.

వాడి చెయ్యి తొడ మీదే ఉంది. కమ్మీ దాని మీదే దిగి ఆగింది. మెత్తటి దిండు చుట్టిన కమ్మీ గనుక ఏమీ కాలేదు. నడిపేవాడు వచ్చి విసుక్కుంటూ పైకెత్తి, చెయ్యి తీయించి, మళ్ళీ దించాడు. మావాడు పకపకా నవ్వాడు. తన నోట్లోంచి ఏం వచ్చిందో వాడికి తెలియనే లేదు.

బండి మమ్మల్ని ఆకాశానికి ఈడ్చి, తలకిందులు చేసి, కిందికి విసిరింది. వాడు కేకలు పెట్టాడు, ఈలలు వేశాడు. నేను మాత్రం వాడి కుడిచెయ్యి ఎక్కడుందో చూస్తూనే ఉన్నాను.

దిగాక చెయ్యి చాపి చూపించాడు. "సూడు. జర్రంత గూడ వణుకుతలేదు. సోమారం నువ్వే తొక్కాలె, వేరేటోన్ని నేను నమ్మ."

"నువ్వు ఇందాక సాఫ్ అన్నావురా. చెయ్యి కిందే ఉంది."

"నేననలే."

"అన్నావు. నేను విన్నాను."

"నీ చెవులల్ల మోగుతుంది గది. నేననలే!" అని ముఖం తిప్పుకున్నాడు. నన్ను వదిలేసి గేటు వైపు నడిచాడు.

సోమవారం వాడు ఉతికిన చొక్కా వేసుకుని నాకంటే ముందే వచ్చి మిషన్ ముందు నిలబడ్డాడు. చేతులు నిజంగానే వణకడం లేదు. నేను పెడల్ దగ్గరికి వెళ్ళలేదు. సూపర్‌వైజర్‌ను పిలిచి, వాడి ఎదుటే చెప్పాను: వీడి నోరు వీడి మాట వినదు, ఎవరు తొక్కినా మిగిలిన వేళ్ళు పోతాయి, వేరే పనేదైనా ఇవ్వండి అని. సగం మాటే విన్నారు. మళ్ళీ వేళ్ళు పోతే కేసు ఎక్కడవుతుందోనని ఆ పూటే ఇంటికి పంపేశారు.

గేటు దాకా వెంట వెళ్ళాను. వాడు ఆగి, "నా చేతి యేళ్ళు పోయిననాడు నిన్ను ఒక్క మాటన్ననారా? ఇయ్యాల నా నోటికాడి కూడు గుంజుకున్నవ్," అన్నాడు.

నా ఫోను ఎత్తడం మానేశాడు. వాడికి ఎనిమిది వేళ్ళూ ఉన్నాయి. ఇంట్లో పొయ్యి వెలుగుతోందా అని అడిగే ముఖం నాకు లేదు.