పార్కు గేటు ఇవతల

రియాద్‌లో మా ఫ్లాటుకు రెండు వీధుల అవతల ఒక పార్కు ఉండేది. చుట్టూ ఇనుప కంచె, ఒకటే గేటు, లోపల పైపు నీళ్ళతో పెంచిన గడ్డి. శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గాక నేను, మా ఆవిడ, మా అమ్మాయి చాప, ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. నేను చెప్పులు విడిచి గడ్డి మీద నడిచేవాణ్ణి. వారమంతా ఏసీలో పడి ఉండేవాడికి ఒంటికి గాలి తగిలేది అప్పుడే. గేటు దగ్గర బంగ్లాదేశీ వాచ్‌మన్ మా అమ్మాయి బుగ్గ గిల్లి లోపలికి పంపేవాడు. ఫ్యామిలీలకు మాత్రమే అని అక్కడో బోర్డు ఉండేది. మేం ఫ్యామిలీయే కనుక దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

అమ్మాయి చదువు కోసం వాళ్ళిద్దరి వీసాలు రద్దు చేయించి, ఎగ్జిట్ మీద విజయవాడ పంపేశాను. ఆ తర్వాతి శుక్రవారం అలవాటు కొద్దీ పార్కుకు వెళ్ళాను. వాచ్‌మన్ నా వెనక్కి చూశాడు.

“ఫ్యామిలీ కహాఁ హై, సాబ్?”

ఇండియా వెళ్ళిపోయారని చెప్పాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. మోటుగా కాదు, మెల్లగానే. లోపల ఆడవాళ్ళుంటారు, ఒంటరి మగవాణ్ణి పంపితే తన ఉద్యోగం పోతుందన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి పాపం మంచివాడే, దేవుడే ఇవ్వలేదు. పెళ్ళయి, బడికెళ్ళే కూతురున్నవాణ్ణి ఆ గేటు దగ్గర బ్యాచిలర్నయ్యాను. అక్కడ బ్యాచిలర్ అంటే పెళ్ళికానివాడు కాదు, పక్కన ఫ్యామిలీ లేనివాడు. సిగ్గేసింది. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఆ తర్వాతి శుక్రవారాలు నిద్రపోయి గడిపాను. లేచి టీ పెట్టుకునేవాణ్ణి, తాగబుద్ధి కాక పారబోసేవాణ్ణి.

మా ఆఫీసులో పనిచేసే కడప అతనికి నా మీద జాలేసినట్టుంది. ఒకరోజు భార్యాపిల్లల్ని కారులో ఎక్కించుకుని మా ఇంటికే వచ్చాడు.

“రాన్నా, మాతోపాటు పోదాం. ఎవరన్నా అడిగితే మా యన్న అని చెప్తాలే.”

వెళ్ళాను. వాచ్‌మన్ వాళ్ళందరినీ చూసి, నన్ను చూసి, తల తిప్పుకున్నాడు. లోపల అతని భార్య పులిహోర పెట్టింది. నేను వాళ్ళకు కాస్త ఎడంగా కూర్చున్నాను. మరీ ఎడంగా ఉంటే ఒంటరివాడిలా కనిపిస్తానని మళ్ళీ దగ్గరికి జరిగాను. లేచి నడిస్తే నువ్వెవరి మనిషివని అడుగుతారు. అంత కోరుకున్న గడ్డి మీద కూర్చుంటే నాకేమీ అనిపించలేదు. పులిహోర బాగుందని మాత్రం చెప్పాను. మళ్ళీ పిలిచినప్పుడు పనుందన్నాను.

మరుసటేడు సెలవుకు విజయవాడ వచ్చాను. పొట్ట పెరిగిందని మా ఆవిడ సాయంత్రం నడకకు తరిమింది.

“మన వీధి చివర పార్కులో నాలుగు చుట్లు తిరిగి రండి. ఈలోపు నా వంటైపోతుంది.”

పార్కు గేటు బార్లా తీసి ఉంది. కుర్రాళ్ళు, ముసలాళ్ళు, ఒంటరి మగాళ్ళు ఎవరి మానాన వాళ్ళు లోపలికి పోతున్నారు. నేను గేటు ఇవతల గోడ పక్కన నిలబడ్డాను. చాలాసేపే నిలబడి ఉంటాను. ఆకులు ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపి నా వంక చూసింది.

“ఇందాకట్నుంచి నిలబడ్డారు, ఎవరి కోసమండీ?”

“ఫ్యామిలీ వస్తున్నారు,” అన్నాను.