ఇద్దరూ కలిసి రావాలె

గంగమణికి తన వయసెంతో సరిగ్గా తెలియదు. బీడీలు చుట్టే పనికి కార్డు కోసం పోయినప్పుడు అక్కడి గుమస్తా ఆమె ముఖం ఎగాదిగా చూసి ఇరవై ఆరని రాసేశాడు. తల్లి లెక్కలో అప్పటికి ఇరవై కూడా నిండలేదు. "ఎండల నడిచొచ్చిన గద సారూ, గందుకే ముదిరినట్టు కనబడుతున్న" అని నవ్విందే గానీ, అది మనసులో ముల్లులా గుచ్చుకుంది. తనకు పుట్టే బిడ్డ వయసు మాత్రం ఎవరో ముఖం చూసి రాయకూడదని అప్పుడే అనుకుంది.

ఆ బిడ్డ 1987 చలికాలంలో నిజామాబాద్‌లో, ఆమె ఉండే గల్లీలోనే పుట్టింది. పెళ్లి మాత్రం ఇంకా కాలేదు.

వద్దనుకుని కాదు. ఎడపల్లి లింబాద్రితో ముహూర్తం పెట్టుకున్నారు. లింబాద్రి ఎడ్లబండి మీద బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. మొదటి ముహూర్తానికి వాగులు పొంగి దారులు తెగిపోయాయి. రెండో ముహూర్తం దగ్గర పడుతుండగా అతని తండ్రి కాలం చేశాడు. ఏడాది దాకా ఇంట్లో శుభకార్యం చేయకూడదన్నారు పెద్దలు. ఆ పిల్ల పాదమే మంచిది కాదని తేల్చేసింది లింబాద్రి తల్లి భీమవ్వ. అతను తల్లితో వాదం పెట్టుకోలేదు. తన ఇనుప పెట్టె నెత్తికెత్తుకుని వచ్చి, గంగమణి గల్లీలోనే ఇద్దరికీ ఒక గది కిరాయికి తీసుకున్నాడు. అప్పటికి ఆమెకు తల్లి కూడా లేదు. "ఏడాది తిరగనీ, మూడో ముహూర్తం సూసుకుందం" అన్నాడు. పెళ్లి ఆగింది గానీ బిడ్డ ఆగలేదు.

చెరుకు తోలే రోజులు కావడంతో లింబాద్రి వారంలో సగం బోధన్‌లోనే ఉండేవాడు. బిడ్డ పుట్టుక రాయించడానికి గంగమణి పక్కింటి శంకరమ్మను తోడు తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమస్తా లక్ష్మీరాజం తలెత్తకుండానే రాసుకుపోతున్నాడు.

"పిల్ల పేరు?"

"స్వరూప."

"తండ్రి పేరు?"

"లింబాద్రి."

"నీ పెనిమిటేనా?"

"ఇంక కాలేదు సారూ."

కలం ఆగింది. శంకరమ్మ వెనక నుంచి మోచేయి గిల్లింది. గంగమణి గబగబా, "అయితడు సారూ, ఏడాది తిరిగినంక" అని కలిపింది.

లక్ష్మీరాజం కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. "అవునంటే రాసి పంపిద్దును గద బిడ్డా."

"అబద్ధమైతది గద సారూ!"

"అయితది. గని ఇప్పుడు నిజం నా చెవుల పడ్డది. ఇగ కానూను ప్రకారమే పోవాలె." పెళ్లి కాని తల్లి చెప్పినంత మాత్రాన తండ్రి పేరు రాయకూడదని అతను విడమరచి చెప్పాడు. ఆ మనిషే వచ్చి బిడ్డ నాదని ఒప్పుకోవాలి. ఇద్దరూ కలిసి అడగాలి, కలిసి సంతకం పెట్టాలి. లేకుంటే ఆ జాగా ఖాళీగానే ఉంటుంది. "తెల్లదొరల కాలం నాటి రివాజు బిడ్డా, నేను పుట్టకముందటిది. గడువు రేపటి దాకనే ఉన్నది. ఇద్దరు కలిసి రాండ్రి."

బయటకు రాగానే శంకరమ్మ అందుకుంది. "నీ నోరు మూతపడదా పిల్లా? ఖాళీగ ఉంటే ఉండనీ, ఎవలు సూస్తరు?"

"బాపు లేని పిల్లకైతే ఖాళీ ఉండాలె. దీని బాపు బోధన్‌ల చెరుకు మీద కూసున్నడు. తోలుకొస్త."

తెల్లవారగానే బిడ్డను చద్దర్లో చుట్టుకుని బోధన్ బస్సెక్కింది.

ఫ్యాక్టరీ బయట చెరుకు బండ్లు కనుచూపు మేర బారులు తీరి ఉన్నాయి. ఎడ్లన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి, తలపాగలూ అంతే. కొంతదూరం నడిచి, ఇలా కాదనుకుని, గొంతెత్తి "లింబాద్రీ! ఓ లింబాద్రీ!" అని కేక పెట్టింది.

చెరుకు గడలు నరుకుతున్న ఒక ముసలవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓ యవ్వ! మొగని పేరు పెట్టి పిలుస్తవా?"

"ఇంక మొగడు కాలేదవ్వా! అయినంక పిలువ!"

బండ్ల వరుసంతా గొల్లుమంది. ఆ నవ్వులకే లింబాద్రి జొన్నరొట్టె చేతిలో పట్టుకుని చెరుకు మోపుల మీంచి తొంగి చూశాడు.

ఆమె సంగతంతా చెప్పింది. అతను ముందున్న చెరుకు తూచే కాంటా వైపు చూశాడు, ఎడ్ల వైపు చూశాడు. గంగమణి బిడ్డను దగ్గరికి పొదువుకుంది. ఇంతమందిలో అడగడం తప్పయిందా? బిడ్డ నాదని రాసి ఇవ్వడానికి వెనకాడుతున్నాడా?

"సంతకమే పెట్టాల్నా?" అన్నాడు చివరికి మెల్లగా. "ఏలిముద్ర నడవదా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నేను నేర్పిస్త, నడువు!"

వెనక బండి మీది హన్మండ్లు, లింబాద్రి ఊరివాడే, అప్పటికే కిందికి దూకాడు. "నువ్వు పోరా బై. నీ ఎడ్లు నా మాట ఇంటయ్. కాంటా నేను పెట్టిస్త."

బస్సులో బిడ్డ చద్దరు మీద గంగమణి వేలితో లిం, బా, ద్రి అని రాసింది. అతను ఆమె వేలి వెంబడే తన వేలు నడిపాడు. ఎడపల్లి దాటేసరికి 'లిం' వచ్చింది. 'ద్రి' దగ్గర మాత్రం నిజామాబాద్ దాకా చెమటలు కక్కాడు.

లక్ష్మీరాజం ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టాడు. "ఈ బిడ్డ నీదేనా?"

లింబాద్రి బిడ్డ ముఖం మీది చద్దరు తొలగించాడు. "ముక్కు సూడుండ్రి సారూ."

ఆ వెడల్పాటి ముక్కునూ ఈ వెడల్పాటి ముక్కునూ మార్చి మార్చి చూసి, ఎప్పుడూ నవ్వని ఆ గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గంగమణి సంతకం పెట్టింది. లింబాద్రి నాలుక పళ్ల మధ్య బిగించి రాశాడు. 'ద్రి' పోయి పక్క గీతను దాటింది. "దాటనీ తియ్యి, మనిషైతే వచ్చిండు" అన్నాడు లక్ష్మీరాజం.

హన్మండ్లు నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరగకముందే భీమవ్వ నెత్తిన మూటతో గల్లీలో దిగింది. మూటలో బాలింతకని నువ్వులు, బెల్లం, మెంతులు. గడపలోనే నిలబడి, "సర్కారే మా వాని పేరు రాసుకున్నంక నేను కాదంటే నడుస్తదా? ఏదీ, పిల్లను ఇటియ్యి" అంది. ఒళ్లోకి తీసుకున్నాక మరి దించలేదు. ఆ రాత్రి అక్కడే పడుకుంది.

లింబాద్రి తండ్రి పోయిన ఏడాది గడిచాక ఎడపల్లిలో మూడో ముహూర్తం కుదిరింది. అప్పటికి స్వరూప పాకుతోంది. పుస్తె కట్టే వేళకు తల్లి ఒడిలోకి ఎక్కి, పసుపుతాడు గుప్పిట్లో పట్టుకుని వదలనంది. లాగితే ఏడుపు. భీమవ్వ బెల్లం ముక్క చూపించినా వినలేదు.

"పెండ్లి చేసుకుంటున్నవా, పిల్లను ఆడిస్తున్నవా?" అని విసుక్కున్నాడు మంత్రాలు చదువుతున్న అయ్యగారు.

"రెండూ అయ్యగారూ" అన్నాడు లింబాద్రి, కూతురి చిన్ని వేళ్లను ఒక్కొక్కటే విడిపిస్తూ.